సలహాలు షోవి, టీమ్ మీది: ఫాంటసీ బేస్‌బాల్ నడపడానికి సమగ్ర మార్గదర్శి

న్యూజెర్సీలో ఆఫీసుకు కారులో వెళ్లే నలభై నిమిషాలూ నాకు ఫాంటసీ బేస్‌బాల్ పాడ్‌కాస్ట్‌తోనే గడిచేవి. నిజం ఆటగాళ్లతో మన సొంత టీమ్ కట్టుకుని, మైదానంలో వాళ్లు చేసినదాన్ని బట్టి పోటీపడే ఆట అది. నేను ఆడిన రెండో సీజన్‌లో, మే నెలలో ఒకరోజు, షోలో ఒక కుర్ర ఆటగాడి గురించి గట్టిగా చెప్పారు. బేస్‌లు దొంగిలించడంలో (బ్యాటర్ బంతిని కొట్టకముందే పరుగు దారిలోని తర్వాతి మజిలీకి చేరుకోవడంలో) దిట్ట, వెంటనే తీసుకోండి అన్నారు. ఆఫీసు పార్కింగ్‌లో ఇంజన్ కూడా ఆపకుండా ఫోన్ తీసి అతన్ని టీమ్‌లో చేర్చేశాను. చోటు కోసం, రెండు వారాలుగా ఆడలేకపోతున్న ఒక మంచి బ్యాటర్‌ను వదిలేశాను. ఆ రాత్రే లీగ్ గ్రూపులో ఒక తమ్ముడి మెసేజ్: "అన్నా, నువ్వు వదిలేసినోణ్ణి నేను తీసుకున్నా, థాంక్స్." ఆ బ్యాటర్ జూన్, జూలైల్లో అతని టీమ్‌కి హోమ్ రన్ల (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) మీద హోమ్ రన్లు కొట్టాడు. నేను తెచ్చుకున్నవాడు మూడు వారాల్లో కింది స్థాయి మైనర్ లీగ్‌కి తిరిగి వెళ్లిపోయాడు.

తర్వాత ఆ ఎపిసోడ్ మళ్లీ విన్నాను. హోస్ట్ మాటలో తప్పేమీ లేదు. "పదిహేను టీమ్‌ల లీగ్ అయితే" అని మొదటే అన్నాడు. మాది పది టీమ్‌ల లీగ్. టీమ్‌లు తక్కువుంటే ఇంతకంటే మంచివాళ్లు బయట ఇంకా దొరుకుతారు. పేరు మాత్రం విన్నాను, ముందున్న షరతు నా చెవికెక్కలేదు.

షోలలో మాట్లాడేవాళ్లకు ఆట క్షుణ్ణంగా తెలుసు. మీ లీగ్‌లో ఎన్ని టీమ్‌లున్నాయో, మీకు సేవ్‌లు (గెలుపును చివర్లో కాపాడినందుకు పిచర్‌కి, అంటే బంతి వేసేవాడికి, దక్కేవి) తక్కువో స్టీల్స్ (దొంగిలించిన బేస్‌లు) తక్కువో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. వాళ్లు చెప్పినదాన్ని మన లీగ్‌కి సరిపడేలా మార్చుకోవడమే మేనేజర్ పని. అది ఎలా చేయాలో డ్రాఫ్ట్ (సీజన్‌కి ముందు టీమ్‌లు ఆటగాళ్లను ఎంచుకునే రోజు) దగ్గర్నుంచి సెప్టెంబర్ దాకా వరసగా చెబుతాను.

మన ఫాంటసీ క్రికెట్‌కీ దీనికీ తేడా

మనవాళ్లకు ఫాంటసీ అంటే ఒక మ్యాచ్, పదకొండు మంది, కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు, రాత్రికల్లా ఫలితం. ఫాంటసీ బేస్‌బాల్ మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా ఆరు నెలలు నడుస్తుంది. మేజర్ లీగ్‌లో 30 జట్లు, ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు. అంటే దాదాపు ప్రతిరోజూ ఆట ఉంటుంది. అన్నిటికంటే పెద్ద తేడా ఏమిటంటే, ఒక ఆటగాడు మీ లీగ్‌లో ఒక్కరి దగ్గరే ఉంటాడు. షోహెయ్ ఒటానీని మీ పక్కింటాయన తీసుకుంటే ఇక మీకు లేడు. క్రికెట్‌లో లాగా అందరూ కోహ్లీని పెట్టుకోవడం ఇక్కడ కుదరదు. అందుకే ఇది ఆటగాళ్లను ఎంచుకోవడం కంటే వాళ్లను సంపాదించుకుని కాపాడుకునే ఆటగా మారుతుంది.

ఈ ఆటకు ఇప్పుడున్న రూపం 1980లో వచ్చింది. డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో 'లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్' అనే రెస్టారెంట్‌లో కలుసుకునేవారు. ఆ పేరు మీదే ఆటకు రోటిసరీ అని పేరొచ్చింది. ఇప్పుడు అందరూ 'రోటో' అంటారు.

ఇండియాలో ఉండి ఆడేవాళ్లకు రెండు మాటలు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద దేశమంతా నిషేధం ఉంది. కాబట్టి యాహూ, ఈఎస్‌పీఎన్, ఫాంట్రాక్స్ లాంటి చోట్ల ఉచిత లీగులే ఆడండి. ఈ వ్యాసమూ వాటి గురించే. రెండోది టైమ్. న్యూయార్క్‌లో రాత్రి 7 గంటల మ్యాచ్ అంటే మనకు తెల్లవారి 4:30. కాలిఫోర్నియాలో రాత్రి మ్యాచ్ మనకు ఉదయం టిఫిన్ టైమ్‌కి మొదలవుతుంది. లైనప్ సరిచూసే పని రాత్రి పడుకునేముందు పెట్టుకోవాలి. తెల్లారి లేచి చూద్దాంలే అనుకుంటే అప్పటికే సగం మ్యాచ్‌లు అయిపోయి ఉంటాయి.

మొదటి మెట్టు: లీగ్ నిబంధనలు ఒక కాగితం మీద రాసుకోండి

ఒక్క షో కూడా వినకముందే చేయాల్సిన పని ఇది. నేను ఒక చిన్న చీటీ మీద రాసి మానిటర్ పక్కన అతికించుకుంటాను. ఎన్ని టీమ్‌లు, ఏ పద్ధతి, ఏయే విభాగాలు, బెంచ్ మీద ఎంతమంది, గాయపడ్డవాళ్లకు ఎన్ని ఐఎల్ (ఇంజర్డ్ లిస్ట్) చోట్లు, లైనప్ రోజూ మార్చొచ్చా వారానికి ఒక్కసారేనా, వారానికి ఎంతమందిని చేర్చుకోవచ్చు, ట్రేడ్‌లకు, అంటే టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడికి, ఆఖరు తేదీ ఏది.

పద్ధతులు ప్రధానంగా మూడు. రోటోలో సీజన్ మొత్తం గణాంకాలు కూడుతూ పోతారు. ఒక్కో విభాగంలో ర్యాంకును బట్టి పాయింట్లు. పన్నెండు టీమ్‌ల లీగ్‌లో హోమ్ రన్లలో మొదటివాడికి 12, ఆఖరివాడికి 1. హెడ్ టు హెడ్ విభాగాల పద్ధతిలో ప్రతివారం ఒక ప్రత్యర్థి, ఎవరు ఎక్కువ విభాగాలు గెలిస్తే వాళ్లది ఆ వారం. పాయింట్ల పద్ధతిలో ప్రతి పనికీ ఇన్ని పాయింట్లని ముందే ఉంటుంది, క్రికెట్ ఫాంటసీకి ఇదే దగ్గర.

సంప్రదాయ రోటోలో పది విభాగాలు. బ్యాటర్లకు బ్యాటింగ్ యావరేజ్ (బ్యాట్‌తో కొట్టి బేస్ చేరిన హిట్ల నిష్పత్తి), రన్స్, హోమ్ రన్స్, ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన రన్లు), స్టోలెన్ బేస్‌లు. పిచర్లకు విన్స్, సేవ్స్, స్ట్రైకౌట్స్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), ఈఆర్‌ఏ, విప్. ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, పిచర్ సగటున ఇచ్చిన రన్లు (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి లెక్కలోకి రావు). విప్ అంటే ఒక్కో ఇన్నింగ్‌లో హిట్ల వల్ల, వాక్‌ల (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్) వల్ల ఎంతమందిని బేస్ ఎక్కనిచ్చాడో. ఈ రెండూ తక్కువ ఉంటేనే మేలు.

ఆ చీటీ ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ. కైల్ ష్వార్బర్ 2023లో 47 హోమ్ రన్లు కొట్టాడు, అతని యావరేజ్ మాత్రం 0.197. అదే ఏడాది లూయిస్ అరాయెజ్ యావరేజ్ 0.354, హోమ్ రన్లు నామమాత్రం. పాయింట్ల లీగ్‌లో, అందులోనూ వాక్‌కి పాయింట్లిచ్చే లీగ్‌లో, ష్వార్బర్ బంగారం. రోటోలో అతన్ని తీసుకుంటే యావరేజ్‌కి పడే గండిని ఇంకెవరితోనో పూడ్చాలి. షోలో 'ఎవరు మేలు' అన్న ప్రశ్నకు జవాబు మీ చీటీని బట్టి తిరగబడిపోతుంది.

రెండో మెట్టు: షోలు ఎంచుకోవడం

అన్నీ వినాలనుకుంటే ఉద్యోగం మానేయాలి. మూడు చాలు, అవి మూడు రకాలుగా ఉండాలి.

ఒకటి, రోజువారీ వార్తల షో. సీబీఎస్ వాళ్ల 'ఫాంటసీ బేస్‌బాల్ టుడే' ఈ కోవలోది. నిన్న ఎవరు గాయపడ్డారు, ఎవరు బాగా వేశారు, ఎవర్ని తీసుకోవచ్చు అని చకచకా చెప్పుకుపోతారు. కొత్తవాళ్లకు ఆటగాళ్ల పేర్లు నోటికి రావడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. రెండు, లోతుగా విడమరిచి చెప్పే షో. ఈనో సారిస్, డెరెక్ వాన్‌రైపర్‌ల 'రేట్స్ అండ్ బ్యారెల్స్' వింటే ఒక పిచర్ కొత్తగా నేర్చుకున్న బంతి ఎందుకు పనిచేస్తోందో అర్థమవుతుంది. పాల్ స్పోరర్, జస్టిన్ మేసన్‌ల 'ది స్లీపర్ అండ్ ది బస్ట్' కూడా ఇలాంటిదే. మూడు, ఒకే అంశం మీద దృష్టి పెట్టేది. పిచర్ల కోసం నిక్ పోలక్ నడిపే 'పిచర్ లిస్ట్' నేను వదలను.

వినే వేళ కూడా చూసుకోవాలి. వార్తల షో మరుసటి రోజుకే పాతబడిపోతుంది. మంగళవారంది గురువారం వినకండి. లోతైన షోలు మాత్రం వారం తర్వాత విన్నా విలువ తగ్గదు. వారాంతంలో వచ్చే ఫ్రీ ఏజెంట్ల (ఎవరి టీమ్‌లోనూ లేనివాళ్ల) ఎపిసోడ్, వాళ్లను చేర్చుకునే ఆదివారం గడువుకు ముందే వినాలి.

శ్రోతల ప్రశ్నలకు జవాబిచ్చే ఎపిసోడ్‌లకు మీరూ రాయొచ్చు. "ఇతన్ని వదిలేయొచ్చా?" అని ఒక్క ముక్క రాస్తే పనికొచ్చే జవాబు రాదు. "పన్నెండు టీమ్‌ల రోటో, సేవ్స్‌లో పదో స్థానం, స్టీల్స్‌లో రెండో స్థానం, ఇతని బదులు ఫలానా ఇద్దరు దొరుకుతున్నారు" అని రాయండి. రాస్తున్నప్పుడే సగం జవాబు మీకే తట్టేస్తుంది. నాకు చాలాసార్లు పంపాల్సిన పనే పడలేదు.

మూడో మెట్టు: పేరు కాదు, కారణం రాసుకోండి

అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. షో వింటున్నప్పుడు పేరు పక్కన ఒక్క మాట రాయండి: ఎందుకు? కారణాలు మూడు రకాలుగా ఉంటాయి. అతనికి దక్కే అవకాశం మారింది. అతని నైపుణ్యం మారింది. లేదా రోజులు కలిసొస్తున్నాయి.

అవకాశం మారడం అంటే, ఏడో స్థానంలో ఆడేవాణ్ణి మొదటి స్థానానికి తేవడం, క్లోజర్ (మ్యాచ్ చివర్లో ఆధిక్యాన్ని కాపాడే పిచర్) గాయపడితే ఇంకొకరికి ఆ పని అప్పగించడం. బ్యాటింగ్ ఆర్డర్‌లో ఒక్కో మెట్టు కిందకి దిగితే సీజన్‌కి 15 నుంచి 20 దాకా ప్లేట్ అప్పియరెన్స్‌లు (బ్యాటింగ్‌కి దిగే అవకాశాలు) తగ్గుతాయి. ఏడు నుంచి ఒకటికి రావడమంటే వందకు అటూఇటుగా అదనపు అవకాశాలన్నమాట. ఇలాంటి వార్త విన్నరోజే కదలాలి, ఎందుకంటే ఇందులో అనుమానించాల్సిందేమీ లేదు.

నైపుణ్యం మారిందంటే రుజువు అడగండి. 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ అనే వ్యవస్థ ప్రతి బంతినీ కొలుస్తోంది. ఆ లెక్కలన్నీ 'బేస్‌బాల్ సావంట్' వెబ్‌సైట్‌లో ఉచితం. బ్యాట్ నుంచి బంతి గంటకు 95 మైళ్లు లేదా అంతకుమించిన వేగంతో వెళ్తే దాన్ని హార్డ్ హిట్ అంటారు. ఒక బ్యాటర్ మారాడని షోలో చెబితే ఆ శాతం పోయినేడాది ఎంత, ఇప్పుడెంత అని చూడండి. పిచర్ అయితే ఫాస్ట్‌బాల్ వేగం పెరిగిందా, కొత్త బంతి కలిసిందా చూడండి. రెండు నిమిషాల పని.

కొన్నిసార్లు అంకెల్లో కనపడని కారణం షోలోనే దొరుకుతుంది. హువాన్ సోటో 2024లో 7 బేస్‌లు దొంగిలించాడు. 2025లో న్యూయార్క్ మెట్స్ జట్టుకి వచ్చాక 38. అతనేమీ రాత్రికి రాత్రి వేగంగా పరుగెత్తడం నేర్చుకోలేదు. ఫస్ట్ బేస్ కోచ్ ఆంటోవన్ రిచర్డ్‌సన్‌తో కలిసి పిచర్ కదలికలు చదవడం మీద పనిచేశాడు. అలాంటి సంగతి చెవిన పడితే అది కొనసాగుతుందని నమ్మడానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

ఇక మూడోది, రోజులు కలిసిరావడం. దీన్ని పట్టుకోవడానికి బ్యాబిప్ అనే లెక్క ఉంది. హోమ్ రన్లు, స్ట్రైకౌట్లు తీసేసి, మైదానంలో పడ్డ బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో చెబుతుంది. లీగ్ సగటు ఎప్పుడూ 0.300కి కాస్త అటూఇటుగా ఉంటుంది. ఏప్రిల్ చివర్లో ఒకతను 100 ఎట్ బ్యాట్‌లలో (వాక్‌ల లాంటివి తీసేసిన బ్యాటింగ్ అవకాశాలు) 34 హిట్లు, 3 హోమ్ రన్లు, 25 స్ట్రైకౌట్లతో 0.340 దగ్గర ఉన్నాడనుకోండి. షోలన్నీ అతని పేరే చెబుతున్నాయి. లెక్క వేద్దాం. 34లో 3 తీసేస్తే 31. 100లో 25, 3 తీసేస్తే 72. 31ని 72తో భాగిస్తే 0.431. ఎంత గొప్పవాడైనా ఏడాది పొడవునా అక్కడ నిలవలేడు. అదే 72 బంతుల మీద 0.300 అయితే 22 హిట్లు, 3 హోమ్ రన్లు కలిపి 25. అంటే అతని అసలు స్థాయి 0.250 దరిదాపుల్లో ఉందేమో. అతన్ని తీసుకోవద్దని కాదు. మీ దగ్గర ఇప్పటికే ఉంటే మాత్రం ట్రేడ్ చేయడానికి ఇంతకంటే మంచి వారం దొరకదు.

ఎంత ఆడాక అంకెల్ని నమ్మాలి? బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు రస్సెల్ కార్ల్‌టన్ చేసిన లెక్కల ప్రకారం బ్యాటర్ స్ట్రైకౌట్ శాతం సుమారు 60 ప్లేట్ అప్పియరెన్స్‌లకే కుదురుకుంటుంది. వాక్‌ల శాతానికి 120 కావాలి. బ్యాబిప్‌కి 800 దాటిన బంతులు కావాలి, అంటే ఒక సీజన్ కూడా చాలదు. కాబట్టి ఏప్రిల్ నెలలో యావరేజ్ చూసి టెన్షన్ పడకండి. స్ట్రైకౌట్లు తగ్గాయా పెరిగాయా, అది చూడండి.

నాలుగో మెట్టు: డ్రాఫ్ట్

డ్రాఫ్ట్ ఎంత ఆలస్యమైతే అంత మంచిది. 2023 మార్చి 15న దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఒక మ్యాచ్ గెలిచిన సంబరంలో గెంతుతూ మెట్స్ క్లోజర్ ఎడ్విన్ డియాజ్ మోకాలు దెబ్బతింది. ఆ సీజన్ మొత్తం పోయింది. అప్పటికే డ్రాఫ్ట్ ముగించినవాళ్లు, అతన్ని తీసుకోవడానికి విలువైన ఎంపిక ఖర్చుపెట్టినవాళ్లు, ఏమీ చేయలేకపోయారు. మా లీగ్‌లో ఆ ఏడాది నుంచి డ్రాఫ్ట్‌ను సీజన్‌కి ముందు ఆఖరి వారాంతానికి మార్చుకున్నాం.

స్నేక్ డ్రాఫ్ట్‌లో వరస తిరగబడుతూ వస్తుంది. పన్నెండు టీమ్‌లలో మొదటి ఎంపిక మీదైతే తర్వాతవి 24, 25. మధ్యలో 22 మంది వెళ్లిపోతారు. ఇక్కడ ఏడీపీ, అంటే ఒక ఆటగాడు సగటున ఎన్నో నంబర్ దగ్గర పోతున్నాడో చెప్పే లెక్క, ఉపయోగపడుతుంది. మీకు కావలసినవాడి ఏడీపీ 30 అయితే 48 దాకా ఆగలేరు, 25లోనే తీసుకోవాలి. షోలో చెప్పే ర్యాంకుల కంటే ఈ దూరం లెక్కే డ్రాఫ్ట్ గదిలో ఎక్కువ పనికొస్తుంది.

వేలం పద్ధతి ఐపీఎల్ చూసేవాళ్లకు కొత్తేమీ కాదు. సంప్రదాయం ప్రకారం 260 డాలర్లు, 23 మంది ఆటగాళ్లు (14 బ్యాటర్లు, 9 పిచర్లు). చాలామంది సుమారు 70 శాతం బ్యాటర్ల మీద పెడతారు, నేనూ అంతే. పిచర్లకు గాయాల బెడద ఎక్కువ. మోచేతి లిగమెంట్ తెగితే చేసే టామీ జాన్ సర్జరీ తర్వాత తిరిగి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. 50 డాలర్ల పిచర్ ఏప్రిల్‌లో ఆ సర్జరీకి వెళ్తే మీ సీజన్ అక్కడే కుంటుపడుతుంది.

మొదటి రెండు మూడు రౌండ్లలో పవర్, స్పీడ్ రెండూ ఉన్న బ్యాటర్లను పట్టుకోండి. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి సమయ పరిమితి) తెచ్చారు, బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచర్ బేస్ వైపు ఎన్నిసార్లు తిరగొచ్చో పరిమితి పెట్టారు. దాంతో లీగ్ మొత్తం స్టీల్స్ 2022లో 2,486 ఉంటే 2023లో 3,503 అయ్యాయి. రొనాల్డ్ అకూన్యా జూనియర్ ఒక్కడే 41 హోమ్ రన్లు, 73 స్టీల్స్ చేశాడు. మరుసటి ఏడాది ఒటానీ 54, 59. దీనివల్ల పాత సలహా ఒకటి చెల్లకుండా పోయింది. ఒకప్పుడు స్టీల్స్ కోసం బ్యాట్ పట్టడం రానివాణ్ణి కూడా మోసేవాళ్లం. ఇప్పుడు 20 స్టీల్స్ చేసేవాళ్లు చాలామంది దొరుకుతున్నారు కాబట్టి పరుగు తప్ప ఏమీ రానివాడికి చోటివ్వాల్సిన అవసరం తగ్గింది.

క్యాచర్ల (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాళ్ల) గురించి ఒక మాట. సాధారణంగా వాళ్లు ఎక్కువ మ్యాచ్‌లు ఆడరు, బ్యాటింగ్ అంతంతమాత్రం. అందుకే 2025లో కాల్ రాలీ క్యాచర్‌గా ఉండి 60 హోమ్ రన్లు కొడితే అతనున్న టీమ్‌లకు మిగతావాళ్లెవరికీ లేని అదనపు బలం దొరికింది. అయినా మరో రాలీ కోసం వెతుక్కుంటూ రెండో రౌండ్‌లో క్యాచర్‌ను తీసుకోమని నేను చెప్పను.

ఇంకొకటి, విన్స్ వెంట పరుగెత్తకండి. పాల్ స్కీన్స్ 2025లో 1.97 ఈఆర్‌ఏతో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అతని విన్స్ 10, ఓటములు 10. బాగా వేయడం పిచర్ చేతిలో ఉంటుంది. గెలవడానికి జట్టు కూడా రన్లు చేయాలి. స్ట్రైకౌట్లు, విప్ చూసి తీసుకోండి, విన్స్ వాటంతటవే వస్తాయి.

అయిదో మెట్టు: ఆదివారం సాయంత్రం వేలం

సీజన్ మొదలయ్యాక ఎక్కువ లీగులు గెలిచేది డ్రాఫ్ట్ వల్ల కాదు, వారం వారం చేసే చేర్పుల వల్లే. చాలా లీగుల్లో దీనికి ఎఫ్‌ఏఏబీ పద్ధతి వాడతారు. ప్రతి టీమ్‌కీ సీజన్ మొత్తానికి 100 గానీ 1000 గానీ ఉత్తుత్తి డాలర్లు ఇస్తారు. ఎవరికి కావలసినవాడి మీద వాళ్లు రహస్యంగా పాట పెడతారు. గడువు దాటాక ఎక్కువ పెట్టినవాడికి ఆటగాడు వెళ్తాడు.

జూన్‌లో ఒక ఆదివారం అనుకోండి. ఒక జట్టు క్లోజర్ గాయపడ్డాడు, కొత్తవాడికి ఆ పని దక్కింది. షోలో "బడ్జెట్‌లో 20 నుంచి 30 శాతం పెట్టొచ్చు" అన్నారు. మీ దగ్గర 62 డాలర్లున్నాయి. అయితే అంత పెట్టాలా? ముందు మీ లీగ్ పట్టిక తెరవండి. సేవ్‌లు ఎవరెవరికి అవసరం? మీతో కలిపి ముగ్గురికి. మిగతా ఇద్దరి దగ్గర ఎంతుంది? ఒకరి దగ్గర 15, ఇంకొకరి దగ్గర 9. అప్పుడు 16 పెడితే ఆ ఇద్దరూ మిమ్మల్ని దాటలేరు. మిగతావాళ్లు సరదాకి పాట పెట్టొచ్చు కాబట్టి 19 వేయండి, ఇక్కడికి చాలు. షో చెప్పిన శాతం తప్పు కాదు, కానీ మీ ప్రత్యర్థుల జేబులు దానికి కనపడవు.

పాట పెట్టేముందు ఎవరిని వదలాలో కూడా తేల్చుకోవాలి. నాది ఒకటే నియమం: ఇతన్ని వదిలితే రేపు ఉదయానికి ఇంకెవరైనా ఎత్తుకుపోతారా? పోతారనిపిస్తే ఇంకొకరిని వదలండి. ఆ మే నెలలో ఈ ప్రశ్న వేసుకుని ఉంటే నా బ్యాటర్ నా దగ్గరే ఉండేవాడు.

రోజువారీ పని పది నిమిషాలే. లైనప్‌లో ఎవరికి ఈరోజు విశ్రాంతి, ఎక్కడ వాన పడేలా ఉంది, ఎవరు ఐఎల్‌కి వెళ్లారు. బ్యాటర్లకు కనీసం 10 రోజులు, పిచర్లకు 15 రోజులు ఐఎల్. అలాంటివాళ్లను వెంటనే ఐఎల్ చోటుకి మార్చి, ఖాళీ అయిన చోట ఇంకొకరిని తీసుకోండి. రెండు మూడు స్థానాల్లో ఆడగల ఆటగాడు ఒకరు బెంచ్ మీద ఉంటే సోమవారాల్లో, గురువారాల్లో చాలా జట్లకు సెలవున్నప్పుడు ప్రాణం లేచొస్తుంది.

ఆరో మెట్టు: పిచర్లను తిప్పడం

ఒక్కరోజు మ్యాచ్ కోసం ఫ్రీ ఏజెంట్ పిచర్‌ను తీసుకుని, మర్నాడు వదిలేయడాన్ని స్ట్రీమింగ్ అంటారు. షోలు దీన్ని చాలా ఉత్సాహంగా చెబుతాయి. ఇది మీ పద్ధతికి నప్పుతుందో లేదో అంకెల్లో చూడండి.

హెడ్ టు హెడ్‌లో ఈ వారం మీ పిచర్లు 50 ఇన్నింగ్స్ వేసి 20 రన్లిచ్చారు. ఈఆర్‌ఏ 3.60. ఆదివారం ఒక స్ట్రీమర్‌ను పెట్టారు, అతను 2 ఇన్నింగ్స్‌లో 7 రన్లిచ్చి వెళ్లాడు. 52 ఇన్నింగ్స్, 27 రన్లు. ఈఆర్‌ఏ 4.67కి లేచిపోయింది. వారమంతా గెలుస్తూ వచ్చిన విభాగం ఒక గంటలో పోయింది. అదే రోటోలో ఆగస్టుకి మీవి 1000 ఇన్నింగ్స్, 422 రన్లు, ఈఆర్‌ఏ 3.80. అదే దెబ్బ తగిలితే 3.85 అవుతుంది. అందుకే హెడ్ టు హెడ్‌లో ఆదివారం ఈఆర్‌ఏ, విప్‌లలో ముందుంటే స్ట్రీమర్‌ను బెంచ్ మీదే ఉంచండి. స్ట్రైకౌట్లలో, విన్స్‌లో వెనకబడి ఉంటే మాత్రం తెగించండి. రోటోలో ఇన్నింగ్స్‌కి పరిమితి ఉందేమో కూడా చూసుకోవాలి. పరిమితి ఉన్న లీగ్‌లో చవక ఇన్నింగ్స్‌తో కోటా నింపేస్తే సెప్టెంబర్‌లో మీ మంచి పిచర్లకు చోటుండదు.

స్ట్రీమర్‌ను ఎంచుకునేటప్పుడు పిచర్ పేరు కంటే ప్రత్యర్థి జట్టు, మైదానం ముందు చూడండి. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు ఒక మైలు ఎత్తున ఉంది. గాలి పల్చన కావడంతో బంతి దూరం వెళ్తుంది, మెలితిప్పే బంతులు సరిగా మెలిక తిరగవు. అక్కడ వేసే మామూలు పిచర్‌ను, షోలో ఎంత మెచ్చుకున్నా, నేను ఎప్పుడూ పెట్టను. అదే వారం అక్కడికి వెళ్లే జట్టు బ్యాటర్లను మాత్రం తప్పకుండా ఆడిస్తాను.

ఏడో మెట్టు: క్లోజర్లు

మ్యాచ్ చివర్లో, మూడు రన్లు లేదా అంతకు తక్కువ ఆధిక్యంతో ఉన్న జట్టును గట్టెక్కించే పిచర్‌కి సేవ్ దక్కుతుంది. ఈ పని జట్టుకు ఒకరిద్దరికే ఉంటుంది, అదీ ఎప్పుడైనా చేయి మారొచ్చు. నా అనుభవంలో షోల వల్ల అత్యంత లాభం ఇక్కడే. ఎనిమిదో ఇన్నింగ్ ఎవరు వేస్తున్నారు, మేనేజర్ ప్రెస్‌మీట్‌లో ఏమన్నాడు, క్లోజర్ వరసగా ఎన్ని రోజులు వేశాడు, ఇవన్నీ మనం 30 జట్లకూ చూసుకోలేం, వాళ్లు చూసి చెబుతారు. జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో మేజర్ లీగ్ ట్రేడ్ గడువు వస్తుంది. ఓడిపోతున్న జట్టు క్లోజర్‌ను పెద్ద జట్టు కొనుక్కుంటే, అక్కడ అతను ఎనిమిదో ఇన్నింగ్‌కి మారిపోవచ్చు, ఇటు పాత జట్టులో కొత్త క్లోజర్ పుడతాడు. ఆ వారానికి ముందే అలాంటి జట్ల రెండో క్లోజర్‌ను బెంచ్ మీద పెట్టుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే 19 డాలర్లకు రావాల్సినవాడికి 40 పోయాలి.

ఎనిమిదో మెట్టు: ట్రేడ్‌లు

షోల్లో ట్రేడ్ పట్టికలు చదువుతారు, ఇతని విలువ 18, అతని విలువ 15 అని. ఎదుటివాడు ఆ పట్టిక చూసి ఒప్పుకోడు, తన అవసరం చూసి ఒప్పుకుంటాడు. ముందు అతని టీమ్ తెరిచి పదినిమిషాలు చూడండి. స్టీల్స్‌లో మొదటి స్థానంలో ఎంతో ముందున్నాడు, సేవ్స్‌లో ఆఖరు. మీ దగ్గర ముగ్గురు క్లోజర్లున్నారు. ఇక మెసేజ్ ఎలా పెట్టాలో మీకే తెలుస్తుంది: "తమ్ముడూ, నీకు స్టీల్స్ మిగిలిపోతున్నాయి కదా, ఒకర్నిస్తావా? నా క్లోజర్లలో నీకు నచ్చినోణ్ణి తీసుకో." ఆఫర్ బటన్ నొక్కేముందు ఇలా మాట్లాడితే పని తొందరగా అవుతుంది, స్నేహమూ చెడదు. ఒకడు దెబ్బతిన్న సంగతి ఇంకా బయటికి రాలేదని తెలిసి అతన్ని అంటగట్టకండి. మళ్లీ ఏడాది కూడా వీళ్లతోనే ఆడాలి.

ఆఖరి మెట్టు: ఆగస్టు, సెప్టెంబర్

ఇక షోల కంటే మీ పట్టికే ఎక్కువ చెబుతుంది. రోటోలో ఆగస్టు మధ్యలో ఒక్కో విభాగం పక్కన రెండు అంకెలు రాయండి. పైవాళ్లను దాటాలంటే ఎంత కావాలి? కిందవాళ్లకూ మనకూ ఎంత దూరం? మీ సేవ్‌లు 52. పైన ముగ్గురు 53, 55, 56 దగ్గరున్నారు, కింద ఉన్నవాడు 38. అయిదు సేవ్‌లు ఎక్కువ తెచ్చుకుంటే మూడు పాయింట్లు పెరుగుతాయి. హోమ్ రన్లలో మీవి 240, పైవాడు 263, కిందవాడు 215. అక్కడ ఎంత కష్టపడ్డా కదలిక ఉండదు. అప్పుడు ఒక పవర్ బ్యాటర్‌ను ఇచ్చి క్లోజర్‌ను తెచ్చుకోవడం, చూసేవాళ్లకు నష్టంగా కనిపించినా, మీకు మూడు పాయింట్లు. ఈ సలహా ఏ షోలోనూ వినపడదు, ఎందుకంటే ఇది మీ ఒక్కరి లీగ్‌కే వర్తిస్తుంది.

సెప్టెంబర్ 1న మేజర్ లీగ్ జట్లలో ఆటగాళ్లు 26 మంది నుంచి 28కి పెరుగుతారు. కుర్రాళ్లు పైకొస్తారు. ప్లేఆఫ్ బెర్త్ ఖాయమైన జట్లు తమ పెద్ద ఆటగాళ్లకు, పిచర్లకు విశ్రాంతినిస్తాయి. ఈ నెలలో వార్తల షో ఒక్కరోజు కూడా మానకండి, మిగతావి పక్కన పెట్టినా నష్టం లేదు. మీ లీగ్‌లో హెడ్ టు హెడ్ ప్లేఆఫ్‌లు ఏ వారాల్లో పడతాయో చూసుకుని, ఆ వారాల్లో ఏ జట్లకు ఏడు మ్యాచ్‌లున్నాయో, ఏ పిచర్లు రెండుసార్లు వేస్తారో ఆగస్టు చివర్లోనే రాసి పెట్టుకోండి.

మా లీగ్‌లో మొన్నటి సీజన్ ఆఖరి ఆదివారం అందరం ఒకరింట్లో కూర్చున్నాం. మ్యాచ్‌లన్నీ మధ్యాహ్నం మూడింటికే మొదలయ్యాయి. నాకు ఒక్క సేవ్ కావాలి. ఎనిమిదో ఇన్నింగ్ అయ్యేసరికి నా క్లోజర్ బుల్‌పెన్‌లో వార్మప్ చేస్తున్నాడు, వాళ్ల జట్టు రెండు రన్లు ముందుంది. వంటగదిలోంచి "టీ పెట్టమంటారా?" అని అడిగారు, ఒక్కరం కూడా పలకలేదు.